మంచినీటి కవళ్లను మన చెరువుల్లో పెంచవచ్చా?

సందేహం: మాకు ఉండి మండలంలో ఆరెకరాల చేపల చెరువు ఉంది. శీలావతి, బొచ్చె పెంచుతున్నాము. ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదువుతున్న మా అబ్బాయి అక్కడ మంచినీటి కవళ్ల వేపుడు తిన్నానని, చాలా రుచిగా ఉందని చెప్పాడు. ఆ పిల్లను తెప్పించి చెరువులో వేసుకోవచ్చా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా: ఆ ఆలోచన మానుకోవలసిందిగా కోరుతున్నాను. మీ అబ్బాయి తిన్న చేపను అక్కడ తవిలిస్ అంటారు. మన నూనె కవళ్లు చెందిన సార్డినెల్లా ప్రజాతిలో పూర్తిగా మంచినీటిలో బతికే చేప ఇదొక్కటే. ఇది ప్రపంచం మొత్తం మీద లుజాన్ దీవిలోని తాల్ సరస్సులో తప్ప మరెక్కడా లేదు. ఒకప్పుడు సముద్రంతో కలిసి ఉన్న ఆ జలాశయానికి, దాని నడుమనున్న అగ్నిపర్వతం 1754లో బద్దలైనప్పుడు సముద్రపు దారి పూడుకుపోయి, ఉప్పునీరు క్రమంగా మంచినీరుగా మారింది.

చెరువు లెక్కన చూసినా ఇది గిట్టుబాటయ్యే చేప కాదు. బాగా ఎదిగినది కూడా జానెడు ఉండదు. లోతైన సరస్సులో గుంపులుగా తిరుగుతూ నీటిలోని సూక్ష్మ జంతువులను తిని బతుకుతుంది కనుక మనం వేసే తవుడు, చెక్క దీనికి పనికిరావు. కవళ్లను చేతిలోకి తీసుకుని పొట్ట అంచు వెంట తోక నుంచి తల వైపుకు వేలు నడిపితే రంపపు పళ్లలా గరగర తగులుతుంది, అరచేతికి పొలుసులు అంటుకుని వస్తాయి. అంత సులువుగా పొలుసు రాలే చేపలు వలలో నలిగితే బతకవు. పులస పట్టే గోదావరి జాలర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అటువంటి చేపను ప్రాణంతో సముద్రాలు దాటించడం ఎంత కష్టమో మీరే ఊహించగలరు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ చేప అంతరించిపోయే ప్రమాదంలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2019లో ప్రకటించింది. అదుపులేని వేట ఒక కారణం కాగా, తిలాపియా, పాలబొంత పెంచే పంజరాల నుంచి జారిన మేత అడుగున కుళ్లి నీటిని పాడుచేయడం మరొకటి. 2011లో ఆ సరస్సులో పంజరాల చేపలే కుప్పలుగా చనిపోయాయి. బయటి నుంచి వచ్చిపడిన వేటచేపలు కూడా తవిలిస్‌కు ముప్పుగా మారాయి. మన దగ్గర కూడా 2000లో నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచేవారు ఇంకా ఉన్నారు, అది వరదలో కాలువల్లోకి చేరితే స్థానిక చేపలను మింగేస్తుంది. ఈ కారణంగానే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీ చేపపిల్లను తేవడానికి వీల్లేదు. ఎవరైనా తెచ్చిస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి.

మీ చెరువులో శీలావతి, బొచ్చెలనే కొనసాగించండి. మబ్బు పట్టిన రోజుల్లో మేత తగ్గించి, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో చూస్తూ ఉండండి. కవళ్ల రుచి కావాలంటే మన సముద్రపు కవళ్లు ఉండనే ఉన్నాయి. తవిలిస్ గుడ్లు పెట్టే మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ వేట నిషేధం అమలు చేస్తున్నారు కాబట్టి, ఆ రోజుల్లో ఎవరు అమ్మినా కొనవద్దని మీ అబ్బాయికి తప్పక చెప్పండి.