బర్గర్ షాపు రేట్లు రాసిచ్చే పని: ఒప్పుకునే ముందు మీ వీసా చూసుకోండి

పోయిన నెల మా పిన్ని కొడుకు టెక్సస్‌లోని డెంటన్ నుంచి ఫోన్ చేశాడు. ఎమ్మెస్‌కి వచ్చి ఇంకా రెండో సెమిస్టర్. "అక్కా, బర్గర్ షాపుకి వెళ్లి బోర్డు మీద రేట్లు రాసుకొచ్చి పంపితే 12 డాలర్లు ఇస్తారట, అరగంట పనేనట, చెయ్యనా?" అని అడిగాడు. ఈ పని నేను నాలుగేళ్లు చేశానని వాడికి తెలుసు, ఆ ధైర్యంతోనే అడిగాడు. నేను మాత్రం వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడికి గంటసేపు చెప్పాను. ఇదే సందేహం ఈమధ్య కొత్తగా వచ్చిన పిల్లలు, డిపెండెంట్ వీసా మీద వచ్చిన చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి మీ అందరికోసం రాస్తున్నాను.

ముందు ఒకటి చెప్పాలి, ఈ పని అబద్ధం కాదు. మిస్టరీ షాపింగ్ అంటే మామూలు కస్టమర్‌లా వెళ్లి, చూసింది చూసినట్టు రిపోర్టు రాసివ్వడం. అందులో ఒక రకం ఈ ధరల తనిఖీ. మన దగ్గర బిస్కెట్ ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది, ఆదిలాబాద్‌లో కొన్నా అనంతపురంలో కొన్నా అంతకు మించి తీసుకోకూడదు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లకి ఇక్కడ ఒకే రోడ్డుకి ఈ చివర ఒక రేటు, ఆ చివర ఇంకో రేటు ఉంటే వింతగా ఉంటుంది. కారణం ఏమిటంటే, పైన బోర్డు ఒకటే అయినా లోపల ఓనర్లు వేరు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో దాదాపు 95 శాతం ఫ్రాంచైజీ ఓనర్లవే, ధర పెట్టేది వాళ్లే. కనెక్టికట్‌లో హైవే పక్కన ఉన్న ఒక షాపులో బిగ్ మ్యాక్ మీల్ 18 డాలర్లని 2023లో దేశమంతా గోల అయింది. ఆ తర్వాత 2024 మేలో మెక్‌డొనాల్డ్స్ యూఎస్ఏ ప్రెసిడెంట్ జో ఎర్లింగర్ బహిరంగ లేఖ రాసి, ఆ ధర 13,700కు పైగా ఉన్న షాపుల్లో ఒక్క చోటిదని, బిగ్ మ్యాక్ సగటు ధర 2019లో 4.39 డాలర్లు ఉండేది 5.29 అయిందని వివరణ ఇవ్వాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో అయితే 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్ద ఫాస్ట్‌ఫుడ్ చైన్లలో కనీస వేతనం గంటకి 20 డాలర్లు చేశారు, ఆ భారమూ రేట్ల మీదే పడింది. ధరలు ఇలా ఊరికొకటి, షాపుకొకటి ఉన్నప్పుడు పక్కవాడు ఎంతకి అమ్ముతున్నాడో తెలుసుకోవాలని ప్రతి చైనుకీ, ప్రతి ఓనరుకీ ఉంటుంది. యాప్‌లో కనపడే రేటు, షాపు గోడ మీద రేటు చాలాసార్లు ఒకటి కాదు. అందుకే ఇంకా మనిషిని పంపి చూపిస్తారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పని ఇచ్చే కంపెనీలు మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకోవు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌గా తీసుకుంటాయి. ఉద్యోగిగా తీసుకుంటే ఐ9 ఫారం నింపించి మీకు పని చేసే అనుమతి ఉందో లేదో చూడాలి. కాంట్రాక్టర్‌కి ఐ9 అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పేరు, అడ్రస్ ఇస్తే అకౌంట్ తెరుచుకుంటుంది, ఎవరూ ఆపరు. ఎవరూ ఆపలేదు కదా అని మన పిల్లలు అది అనుమతే అనుకుంటున్నారు. కాదు. అడిగేవాడు లేనంత మాత్రాన మీ స్టేటస్ మారదు.

ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉంటే కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, బయట పని కావాలంటే సీపీటీ (చదువుతుండగా చేసే ట్రైనింగ్), ఓపీటీ (ఎక్కువగా చదువు అయ్యాక చేసే ట్రైనింగ్) లాంటి అనుమతి ఉండాలి. ఓపీటీలో కూడా చదువుకి సంబంధించిన పనే చెయ్యాలి, కంప్యూటర్ సైన్స్ చదివి బర్గర్ రేట్లు రాస్తే అది దానికిందకి రాదు. హెచ్1, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు తమకోసం ఏ కంపెనీ పిటిషన్ వేసిందో దాని దగ్గరే పని చెయ్యాలి, సాయంత్రం అరగంట అయినా అంతే. హెచ్4 (హెచ్1 వాళ్ల డిపెండెంట్ వీసా) మీద ఉన్న చెల్లెళ్లకి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, చేతికి వచ్చాకే. కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల వెంట ఎల్2 వీసాతో వచ్చిన భార్యకి లేదా భర్తకి మాత్రం 2021 నవంబర్ నుంచి స్టేటస్‌తోనే పని అనుమతి వస్తోంది, ఐ94లో (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డులో) ఎల్2ఎస్ అని ఉందో లేదో చూసుకోండి. గ్రీన్‌కార్డు, సిటిజన్ వాళ్లకి ఇబ్బంది లేదు.

"డబ్బు తీసుకోను అక్కా, తిన్న బిల్లు మాత్రం ఇప్పిస్తారు" అన్నాడు మావాడు. పని చేసి దానికి బదులుగా తిండి తీసుకున్నా అది ప్రతిఫలమే. "మామయ్య సిటిజన్ కదా, ఆయన పేరు మీద చేస్తా" అన్నాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. వేరేవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద పని చేస్తే మీ తప్పు పోకపోగా మామయ్యని కూడా ఇరికించినట్టవుతుంది. ఇంకోటి, డబ్బులిచ్చే ముందు వాళ్లు డబ్ల్యూ9 ఫారం పంపుతారు. అందులో నేను పన్ను లెక్కలో యూఎస్ పర్సన్‌నే అని సంతకం పెట్టాలి. స్టూడెంట్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను విషయంలో నాన్‌రెసిడెంట్లు. అంటే ఆ సంతకమే తప్పుడు సంతకం అవుతుంది. ఎప్పుడో పదేళ్ల తర్వాత గ్రీన్‌కార్డుకి ఐ485 అనే ఫారం నింపేటప్పుడు, అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశావా అని అందులో సూటిగా అడుగుతారు. ఆరోజు ఈ 12 డాలర్లు గుర్తొస్తాయి.

నేను 2009లో హెచ్4 మీద టెక్సస్‌లోనే ఉన్న ఇర్వింగ్‌కి వచ్చాను. గుంటూరులో లెక్చరర్‌గా చేసి వచ్చినదాన్ని, ఇక్కడ ఆరేళ్లు ఒక్క రూపాయి సంపాదన లేదు. కూరగాయలకి కూడా ఆయన్ని అడగాలంటే ఎంత చిన్నతనంగా ఉండేదో, ఆ బాధ నాకు తెలుసు కాబట్టే ఈఏడీ కోసం చూస్తున్న చెల్లెళ్లకి ఊరికే నీతులు చెప్పడం లేదు. 2015 మే 26న కొందరు హెచ్4 వాళ్లకి ఈఏడీ ఇచ్చే రూలు అమల్లోకి వచ్చింది, దానికి కావలసిన ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) మా ఆయనకి అప్పటికే అప్రూవ్ అయింది. కార్డు చేతికొచ్చాక నేను చేసిన మొదటి పని ఇదే. మొదటి డబ్బు 9 డాలర్లు. ఆ 9 డాలర్లు ఖాతాలో పడిన రోజు మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను.

అనుమతి ఉన్నవాళ్లకి పని ఎలా ఉంటుందో చెప్తాను. ముందు రోజు అసైన్‌మెంట్ వస్తుంది, ఫలానా షాపు, పదకొండు నుంచి రెండు లోపల వెళ్లాలి, ఈ ఇరవై ఐటమ్‌ల ధరలు కావాలి అని. టైము ఎందుకంటే బ్రేక్‌ఫాస్ట్ మెనూ చాలా చోట్ల పదిన్నరకి మారిపోతుంది, తొందరపడి పదింటికి వెళ్తే మీకు కావలసిన ఐటమ్ బోర్డు మీదే ఉండదు. ఇప్పుడన్నీ టీవీల్లాంటి బోర్డులు, కొన్ని సెకన్లకోసారి మారుతుంటాయి, ఒక ధర చూసి రాసేలోపల స్క్రీన్ పోతుంది. నేను లైన్లో ఆఖర్న నిలబడి ఫోన్‌లో ఎవరికో మెసేజ్ కొడుతున్నట్టు రాసుకునేదాన్ని. కాగితం, పెన్ను తీస్తే వెంటనే కనిపెడతారు. ఫొటో అడిగితే మనుషుల మొహాలు పడకుండా తియ్యాలి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచాలి.

రిపోర్టులు ఎక్కువగా తిరగ్గొట్టేది ఒక్క కారణానికి, ఆఫర్ ధరని అసలు ధర గడిలో వెయ్యడం. రెండు కొంటే ఇంత అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఒక్కటి విడిగా కొంటే ఎంతో కింద చిన్నగా ఉంటుంది, మనకి కావలసింది ఆ చిన్నది. కాంబో ధర వేరు, శాండ్‌విచ్ ఒక్కదాని ధర వేరు, మీడియం నుంచి లార్జ్‌కి మారితే ఎంత కలుస్తుందో అది వేరు. బోర్డు మీద ధరకి పక్కనే క్యాలరీల అంకె కూడా ఉంటుంది, 20 గానీ అంతకు మించి గానీ షాపులున్న చైన్లన్నీ అది చూపాలని 2018 మే నుంచి రూలు, హడావుడిలో 540 క్యాలరీలని 5.40 అని రాసినవాళ్లని నేనెరుగుదును. బోర్డు ధరలో పన్ను కలవదు, మా టెక్సస్ పట్టణాల్లో బిల్లులో 8.25 శాతం పైన పడుతుంది, కాబట్టి రసీదు చూసి ధర రాయకండి. డ్రైవ్‌త్రూ బోర్డు, లోపల బోర్డు రెండూ అడిగితే రెండూ చూడండి, లోపల చూసింది బయట కూడా వేసేస్తే దొరికిపోతారు, నిజంగా తేడా ఉన్న షాపులు ఉన్నాయి. బోర్డు మీద లేని ఐటమ్ ఉంటే కౌంటర్‌లో మామూలుగా అడగొచ్చు, కానీ వరుసగా ఐదు అడిగారంటే మీరెవరో తెలిసిపోతుంది.

కొని తినాల్సిన అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి, వాటిలో ఏం ఆర్డర్ చెయ్యాలో వాళ్లే చెప్తారు. బీఫ్ తిననివాళ్లు ఒప్పుకునే ముందే చదవండి, తర్వాత మార్చనివ్వరు. ఫ్రెంచ్‌ఫ్రైస్ కదా అని కూడా అనుకోవద్దు, అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉంటుంది. దీనిమీద 2001లో సియాటెల్‌లో కేసు పడింది, మరుసటి సంవత్సరం ఆ కంపెనీ క్షమాపణ చెప్పి, హిందూ, శాకాహార సంస్థలతో సహా పలు సంస్థలకి కోటి డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. ధరలు మాత్రమే చూసే పనికి ఈ బాధ లేదు, నేను ఎక్కువగా అవే తీసుకునేదాన్ని.

డబ్బు ఎంత అంటే, నాకు ఒక్కో షాపుకి 6 నుంచి 12 డాలర్లు వచ్చేది, అదీ నెల, నెలన్నర ఆగాక. ఒక్క షాపు కోసం కారు తియ్యకండి. 2025లో పన్నుల శాఖ ఐఆర్ఎస్ లెక్క ప్రకారం మైలుకి 70 సెంట్లు, అంటే రానూపోనూ 18 మైళ్లయితే 12 డాలర్ల 60 సెంట్లు, మీరు చేతి నుంచి ఇచ్చి పని చేసినట్టే, దానికి తోడు ఇక్కడ టోల్ రోడ్లు. నేను పిల్లల్ని స్కూల్లో దింపాక ఒకే దారిలో ఐదారు షాపులు దొరికితేనే వెళ్లేదాన్ని. మైళ్లు ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి, పన్ను వేసేటప్పుడు షెడ్యూల్ సీ అనే సొంత పని ఆదాయం ఫారంలో ఖర్చు కింద పనికొస్తుంది. ఖర్చులు పోను సంవత్సరానికి 400 డాలర్లు గానీ అంతకు మించి గానీ వస్తే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం కట్టాలి. ఎంత ఇచ్చారో కంపెనీ చూపించే 1099 ఫారం రాకపోయినా ఆదాయం చూపించాల్సిందే.

ఇదంతా చెప్పాక మావాడిని, ఇంతకీ ఏ కంపెనీ, ఎక్కడ చూశావు అని అడిగాను. వాట్సాప్‌లో వచ్చింది అన్నాడు. మెసేజ్ పంపమన్నాను. అందులో "మీకు ముందుగా చెక్కు పంపుతాం" అని ఉంది. నాలుగేళ్లలో నాకు ఒక్క కంపెనీ కూడా పనికి ముందు చెక్కు పంపలేదు, ఒక్క డాలరు ఫీజు అడగలేదు. నిజమైన కంపెనీల పేర్లు కావాలంటే ఎమ్‌ఎస్‌పీఏ అమెరికాస్ అనే ఆ కంపెనీల సంఘం వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మెసేజ్ ఆ పేరుతోనే వచ్చినా నమ్మకండి, ఆ కంపెనీ సైట్‌కి మీరే వెళ్లి చూడండి.

రెండు రోజులకి చెక్కు నిజంగానే వాడి మెయిల్‌బాక్స్‌లోకి వచ్చింది. 2,350 డాలర్లు, మనందరికీ తెలిసిన బ్యాంకు పేరు, చూస్తే అనుమానం రాదు. దాంతో ఒక కాగితం: బ్యాంకులో వెయ్యి, 350 నువ్వు ఉంచుకో, మిగతా 2,000కి గిఫ్ట్ కార్డులు కొని, వెనక గీకి, నంబర్లు ఫొటో తీసి పంపు, షాపువాళ్లు ఎలా మాట్లాడారో రాయి. మోసం ఎక్కడుందంటే, చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే బ్యాంకు ఆ డబ్బు వాడుకోనిస్తుంది, మనం చెక్కు చెల్లింది అనుకుంటాం. అది దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టొచ్చు. అప్పటికి కార్డుల నంబర్లు వాళ్ల దగ్గర ఉంటాయి, 2,350 మన ఖాతాలోంచి బ్యాంకు వెనక్కి తీసుకుంటుంది. మాకు తెలిసిన ఇంకో అబ్బాయి, నిజామాబాద్ నుంచి వచ్చినవాడు, ఇలాగే సెమిస్టర్ ఫీజుకి దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నాడు, సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పలేదు. పొరపాటున కార్డు నంబర్లు పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోవద్దు, ఆ గిఫ్ట్ కార్డు కంపెనీకి, మీ బ్యాంకుకి అదే నిమిషం ఫోన్ చెయ్యండి.

శనివారం వాడు ఆ కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం కూర్చుని వినియోగదారుల మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వాళ్ల సైట్‌లో ఫిర్యాదు చేశాం, పోస్టులో వచ్చింది కాబట్టి పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కి కూడా రాశాం. మర్నాడే క్యాంపస్ డైనింగ్ హాల్లో పనికి అప్లై చేయించాను, వారానికి 15 గంటలు ఇచ్చారు. "చెక్కు డిపాజిట్ చేశావా?" అని ఆ వాట్సాప్ నంబర్ నుంచి ఇంకో మూడు మెసేజ్‌లు వచ్చాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకి జతచేసి, నంబర్ బ్లాక్ చేశాడు.