స్కానింగులో ఏమీ లేదన్నారు, నెలసరి నొప్పి మాత్రం తగ్గడం లేదు. ఇక భరించడమేనా?

భరించనక్కర్లేదు. మొదటి రెండు రోజులు మంచం దిగలేకపోతున్నానని, వాంతులు కూడా అవుతున్నాయని, స్కానింగ్ చూసి అంతా బాగానే ఉందని పంపేశారని రాశారు. నాకూ ఇలాగే జరిగింది. స్కానింగులో ఏమీ కనిపించలేదు, చివరకు ఎండోమెట్రియోసిస్ అని తేలింది. మీదీ అదేనని నేను చెప్పలేను. కానీ స్కానింగ్ బాగుందన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, గర్భసంచి వెనక, పేగుల దగ్గర పెరగడమే ఈ జబ్బు. అండాశయంలో తిత్తిగా మారితే స్కానింగులో కనిపిస్తుంది. పలచటి మచ్చలుగా ఉంటే చాలాసార్లు దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంది.

నా విషయంలో డాక్టరు ధోరణి మారింది నోటుపుస్తకం వల్ల. అంతకుముందు "చాలా నొప్పిగా ఉంటోందండీ" అనేదాన్ని, మాత్ర రాసి పంపేవారు. తర్వాత రోజూ రాయడం మొదలుపెట్టాను: నొప్పి పదికి ఎంత, ఏ మాత్ర ఏ వేళకు వేసుకున్నాను, ఎంతసేపటికి తగ్గింది, ప్యాడ్ ఎన్ని గంటలకు మార్చాను, ఏ పని మానుకున్నాను. "మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయాను, నెలసరి రోజుల్లోనే మలవిసర్జనకు వెళ్తే కత్తితో కోసినట్టు ఉంటోంది" అన్న వాక్యం చదివి వినిపించగానే ఆవిడ పెన్ను పక్కన పెట్టి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. కలయిక సమయంలో నొప్పి ఉంటే అదీ రాయండి. సిగ్గుపడి దాచుకునే ఈ రెండు లక్షణాలే డాక్టరుకు ఎక్కువ ఆధారాన్నిస్తాయి.

నొప్పి మాత్రల సంగతి. గర్భసంచి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. గర్భసంచి గట్టిగా బిగుసుకునేది వాటి వల్లే. చాలామందికి వాంతులు, విరేచనాలు కావడానికీ అవే కారణం. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్ లాంటివి ఆ తయారీని అడ్డుకుంటాయి. కాబట్టి నొప్పి ముదిరాక వేసుకుంటే సగం ఫలితమే. నెలసరి మొదలవుతున్న సూచన కనిపించగానే, ఏదైనా తిని, డాక్టరు చెప్పిన మోతాదులో వేళకు వేసుకోవాలి. వీటిలో ఒకటే వాడాలి, రెండు కలపకూడదు. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవారు అడగకుండా ముట్టుకోవద్దు. పొత్తికడుపు మీద వేడి కాపడం కూడా నిజంగానే పనిచేస్తుంది, దాన్ని చిన్నచూపు చూడకండి.

అవి చాలకపోతే హార్మోను చికిత్స. గర్భనిరోధక మాత్రలను విరామం లేకుండా వాడించడం ఒక పద్ధతి. లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న పరికరాన్ని గర్భసంచిలో అమర్చడం ఇంకొకటి. నాకు డైనోజెస్ట్ అనే హార్మోను మాత్ర ఇచ్చారు. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు కొంచెం కొంచెంగా రక్తం కనిపిస్తుంటే విసుగెత్తిపోయింది. అది సర్దుకున్నాక నెలసరి ఆగిపోయింది, నొప్పి పనికి అడ్డు రానంతగా తగ్గింది. ఈ మందుతో కొందరికి మనసు కుంగుతుంది, అలా అనిపిస్తే వెంటనే చెప్పండి. రక్తం గడ్డకట్టే సమస్య గానీ, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ గానీ ఉంటే ముందే చెప్పాలి, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు అలాంటివారికి పనికిరావు.

ఆపరేషన్ చేసి చూస్తే తప్ప మందు మొదలుపెట్టకూడదనేమీ లేదు. యూరప్ వైద్యుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో, స్కానింగులో ఏమీ దొరకనప్పుడు గానీ మందులకు లొంగనప్పుడు గానీ లాపరోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్, ఆలోచించమంది. నాకు మందుతోనే సరిపోయింది. ఒకవేళ మీకు చేయాల్సి వస్తే ఈ జబ్బుకు ఎక్కువగా ఆపరేషన్లు చేసినవారిని వెతుక్కోండి, తీసేశాక కూడా మళ్లీ రావచ్చని తెలుసుకునే వెళ్లండి. "పిల్లలు పుడితే అదే పోతుంది" అనే సలహా నేనూ విన్నాను. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి తగ్గుతుంది, తర్వాత తిరిగి రావచ్చు. దాన్ని చికిత్సగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రక్తస్రావం ఎంతో మీరు రాయలేదు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, 7 రోజులు దాటుతున్నా ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు), అడినోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం) ఉన్నాయేమో చూడమనండి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు, ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ కూడా రాయమని అడగండి. హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటడం మామూలే, ఆ నీరసాన్ని అందరూ బద్ధకం అనుకుంటారు. హార్మోన్లు వద్దనుకునేవారికి రక్తస్రావం తగ్గించడానికి ట్రానెక్సమిక్ యాసిడ్ ఉంది, అది నెలసరి రోజుల్లో మాత్రమే వాడేది.

ఎప్పటిలా కాకుండా ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చినా, దానితో జ్వరం ఉన్నా, స్పృహ తప్పినా, గర్భం ఉండే అవకాశం ఉండి నొప్పి వచ్చినా నోటుపుస్తకం సంగతి తర్వాత, ముందు అత్యవసర విభాగానికి వెళ్లండి.