జేబులో తేలిక, చేతిలో కాదు

ప్రశ్న: అన్నగారూ, డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. గ్రీన్ కార్డు ఉంది. రాత్రి పదకొండు దాటాక షాపు మూసి ఒక్కడినే ఇంటికి రావాలి, అందుకని స్మిత్ అండ్ వెస్సన్ 642 రివాల్వర్ కొన్నాను. తేలిగ్గా ఉందని సంబరపడ్డాను కానీ షూటింగ్ రేంజ్‌లో ఇరవై రౌండ్లకే బొటనవేలి మొదలు వాచిపోయింది, గుళ్ళేమో ఎక్కడెక్కడికో పోయాయి. దీన్ని రోజూ ప్యాంటు జేబులో పెట్టుకోవచ్చా? ఇంట్లో ఏడేళ్ళ పాప ఉంది, మా ఆవిడకి ఒకటే టెన్షన్. అమ్మేసి పెద్దది కొనమంటారా?

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. పెద్దది కొంటే వారం రోజులు నడుముకు పెట్టుకుంటావు, ఎనిమిదో రోజు బరువని షాపు సొరుగులో పడేస్తావు, అక్కడ పడి ఉన్న తుపాకీ దొంగకి పనికొస్తుంది గానీ నీకు కాదు. నేను చాలా ఏళ్ళుగా ఇలాంటి అయిదు తూటాల రివాల్వరే పెట్టుకుంటున్నాను, నీ చెయ్యి ఎందుకు వాచిందో నాకు బాగా తెలుసు. తుపాకీ బరువుంటే అది వెనక్కి తన్నే దెబ్బని కొంత తనే తీసుకుంటుంది. నీ దానికి అల్యూమినియం ఫ్రేము, మొత్తం 400 గ్రాముల చిల్లర, కాబట్టి ఆ దెబ్బంతా నీ అరచేతి మీదే పడుతుంది. +పి అని రాసి ఉన్న పవర్ ఎక్కువ తూటాలు పక్కన పెట్టి, నీ రివాల్వర్‌కి సరిపోయే .38 స్పెషల్‌లోనే గుండు బరువు 148 గ్రెయిన్లుండే వాడ్‌కట్టర్ అడుగు, మొన లేకుండా చదునుగా ఉంటుంది, చాలా తక్కువ తన్నుతుంది. ఒక్కసారికి పాతిక రౌండ్లు చాలు. చెయ్యి నొప్పెట్టాక కాలిస్తే ట్రిగ్గర్ నొక్కేముందే ఉలిక్కిపడే అలవాటు వస్తుంది, అది ఒక పట్టాన పోదు.

గురి తప్పడానికి అసలు కారణం ఆ ట్రిగ్గర్. అయిదు కిలోల పైన బలం పెడితే గానీ కదలదు. దీనికి మందు ఇంట్లోనే ఉంది. తూటాలు తీసి, ఒకటీ రెండూ అని అయిదూ లెక్కపెట్టి, వేరే గదిలో ఉంచి రా. సిలిండర్ మళ్ళీ తెరిచి చూడు, వేలితో తడిమి చూడు. అప్పుడు డమ్మీ తూటాలు వేసి, అవతల మనుషులెవరూ లేని గట్టి గోడ వైపు పట్టుకుని, గొట్టం మీద ముందు గురిమొన దగ్గర ఒక పెన్నీ నాణెం పడుకోబెట్టి ట్రిగ్గర్ నొక్కు. మొదట్లో పెన్నీ ప్రతిసారీ కింద పడుతుంది. పడకుండా పదిసార్లు నొక్కగలిగిన రోజు రేంజ్‌కి వెళ్ళు, తేడా నీకే కనిపిస్తుంది.

జేబులో పెట్టుకోవచ్చు, అయితే ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే జేబు ఒరలో, అంటే పాకెట్ హోల్‌స్టర్‌లోనే. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు, తాళాలూ చిల్లరా ఎడమ జేబులోకి పోవాలి. నేను మొదట కొన్న చవక గుడ్డ హోల్‌స్టర్ ఓసారి ప్రాక్టీసులో తుపాకీతో పాటే బయటికి వచ్చేసింది, నిజంగా అవసరపడ్డ రోజు అలా జరిగి ఉంటే అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇక్కడి ఎండలకి చెమట లోపలికి దిగుతుంది, గొట్టంలో జేబు నూగు పేరుకుంటుంది. వారానికోసారి తుడిచి, తూటాలు చూసుకో, ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే మార్చెయ్.

చట్టం సంగతి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉండి 21 ఏళ్ళు నిండినవాళ్ళు చేతి తుపాకీ వెంట పెట్టుకు తిరగడానికి లైసెన్సు లేకపోయినా ఫర్వాలేదు. అయినా నువ్వు తీసుకో. పాపని బడి దగ్గర దింపుతావు కదా, బడికి 1000 అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. అయితే లైసెన్సు ఉన్నా బడి భవనంలోకి మాత్రం తీసుకెళ్ళకు. పోస్టాఫీసులోకీ వద్దు, 51 శాతం బోర్డున్న (అంటే ఆదాయంలో సగానికి పైగా మద్యం మీదే వచ్చే) బార్లలోకీ వద్దు. ఇంకోటి, మీ ఇంట్లో బావమరిదో స్నేహితుడో హెచ్1బీ మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటే, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప వాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు, సరదాకి కూడా చేతికివ్వకు, సేఫ్ కోడ్ చెప్పకు.

మరదలి టెన్షన్ న్యాయమైనదే. ఇంట్లో అడుగుపెట్టగానే రివాల్వర్ ఉంటే నీ ఒంటి మీద ఉండాలి, లేకపోతే సేఫ్‌లో ఉండాలి. ఫ్రిజ్ మీద, పరుపు కింద, కారు గ్లోవ్ బాక్సులో, ఇవేవీ దాచే చోట్లు కావు. తూటా వేసి ఉన్న తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లలకి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరం, అసలు చట్టం మాట తర్వాత, ఏడేళ్ళ పిల్ల చేతులు ఎక్కడెక్కడికి వెళతాయో మీ ఇద్దరికీ తెలుసు. లైసెన్సు క్లాసుకి మరదల్ని కూడా తీసుకెళ్ళు. ఇంకో మాట, ఎవడైనా గల్లా డబ్బడిగితే ఇచ్చెయ్, ఈ తుపాకీ ప్రాణం కోసమే తప్ప డబ్బు కోసం కాదు.

ఇండియా వెళ్ళేటప్పుడు రేంజ్‌కి వాడిన బ్యాగు అస్సలు తీసుకెళ్ళకు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. వేరే బ్యాగు సర్దుకో.