పైపోర్షన్‌లో ఎండాకాలం

చిట్టీ,

కడపలో ఇల్లు దొరికిందన్నావు, సంతోషం. పైపోర్షన్ అనేసరికి మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. పడకేసుకున్నాక నిద్ర సంగతి చూద్దామంటే కుదరదు, పొద్దున్నించే చూసుకోవాలి.

ముందు మిద్దె మీద సున్నం కొట్టించండి. కాస్త ఫెవికాల్ కలిపితే రాలకుండా పట్టి ఉంటుంది. పొద్దున తొమ్మిదిలోపే కిటికీలు మూసి పరదాలు వేసేయ్. గాలి ఆడాలని మధ్యాహ్నం తెరుస్తారు చాలామంది, వచ్చేది వడగాలే. పొద్దుగూకి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు బార్లా తెరువు.

విశాఖలో కూలర్ దండగ అనేదానివి కదా, ఇక్కడ ఆ మాట మర్చిపో. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, నీళ్లు ఆరవు కాబట్టి చల్లబడదు. మన సీమది పొడి ఎండ, కూలర్‌కు సరిగ్గా కావలసింది అదే. దాన్ని కిటికీలో పెట్టి ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచు. తలుపులన్నీ బిగించుకుంటే కాసేపటికే గదంతా ఉక్కపోత. వారానికోసారి నీళ్లు పారబోసి తొట్టి రుద్ది కడుగు, లేకపోతే డెంగీ దోమలను పెంచినట్టే.

సాయంత్రం కుళాయి తిప్పితే ట్యాంకు నీళ్లకు చెయ్యి చురుక్కుమంటుంది. తెల్లవారుజామునే రెండు బకెట్లు పట్టి మూతపెట్టి ఉంచుకో, పడుకునే ముందు స్నానానికి అవే. ఒళ్లు పూర్తిగా తుడుచుకోకుండా కాస్త తడితోనే ఫ్యాను గాలికి కూర్చుంటే ఎంత హాయో నువ్వే చూస్తావు. ఫోమ్ పరుపు ఒంటి వేడిని పోనివ్వదు. నవారు మంచం, నూలు దుప్పటి చాలు. రాత్రి తిండి తేలిగ్గా, పెందలాడే ముగించండి. మజ్జిగన్నం, పచ్చి ఉల్లిపాయ ఉంటే సరి. ఉల్లిపాయ జేబులో వేసుకుంటే వడదెబ్బ తగలదంటారు గానీ, కడుపులోకి పోనిది ఏం పనిచేస్తుంది!

మీ మామయ్య సంగతి మాత్రం జాగ్రత్త. పెద్దవాళ్లకు దాహం తెలియదు, అడిగేదాకా ఆగకుండా గంటగంటకూ నువ్వే నీళ్లివ్వు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు లాగేస్తాయి. ఎండలు ముదరకముందే డాక్టరును ఒక మాట అడగండి, సొంతంగా మాత్రలు ఆపొద్దు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపేస్తుంటారు, అది తప్పు. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరే పోయాలి. ఆయనకు షుగర్ కూడా ఉంది కాబట్టి నన్నారి షర్బత్ అంటూ మొహమాటపెట్టకు.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా అది వడదెబ్బ. జ్వరం మాత్ర దానికి పనిచేయదు. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

సున్నం గురించి ఇంటి ఓనరుతో ఈ ఆదివారమే మాట్లాడు. ఖర్చని నసిగితే సగం మీరు పెట్టుకోండి, అద్దెలో తగ్గించమని తర్వాత అడగొచ్చు.

మీ పెద్దమ్మ