ఫాంటసీ బాస్కెట్‌బాల్‌లో ఆటగాడి కాంట్రాక్టుకు ధర కట్టడం ఎలా?

ప్రశ్న: అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నాను. మా ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) ఫాంటసీ లీగ్‌లో, అంటే అసలు ఆటగాళ్లను ఊహాజట్లలోకి కొని వారి నిజమైన ఆట గణాంకాలతో పోటీపడే ఆటలో, 12 జట్లు, జట్టుకు 13 మంది ఆటగాళ్లు, 200 డాలర్ల బడ్జెట్. వేలంలో కొన్న ఆటగాణ్ని మూడు సీజన్ల దాకా అట్టిపెట్టుకోవచ్చు, ఏటా అతని ధర 5 డాలర్లు పెరుగుతుంది. విక్టర్ వెంబన్యామాకు 70 డాలర్లు పెట్టవచ్చా?

జవాబు: ముందుగా ఆటగాళ్ల అసలు ఎన్‌బీఏ జీతాలను పక్కన పెట్టండి. 2023లో లీగ్‌లోకి వచ్చిన వెంబన్యామా తొలి కాంట్రాక్టు కొత్తవారికి నిర్ణయించిన స్కేలు ప్రకారం కుదిరినది కనుక, ఆ అంకె అతని ఆట విలువను చెప్పదు.

మీ లీగ్‌లో మొత్తం సొమ్ము 2,400 డాలర్లు, కొనవలసినవారు 156 మంది. తలా ఒక డాలరు కనీస ధర తీసేస్తే 2,244 మిగులుతాయి. ఎవరూ కొనకుండా మిగిలిపోయే 157వ ఆటగాణ్ని ప్రమాణంగా పెట్టుకుని, ఒక్కొక్కరు అతని కన్నా ఎంత మెరుగో గణించండి. ఆ మెరుగు మొత్తంలో ఒకరి వాటా 3 శాతమైతే, కనీస ధర డాలరుతో కలిపి అతని ధర సుమారు 68 డాలర్లు.

తొలి ఏడాది వేలానికి ఈ లెక్క చాలు. రెండో ఏడాది నుంచే చాలామంది తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే అప్పటికి చౌకగా దొరికినవారిని అందరూ అట్టిపెట్టుకుని ఉంటారు. 900 డాలర్ల విలువైన ఆటగాళ్లను జట్లన్నీ కలిసి 600 డాలర్లకే ఉంచుకున్నాయనుకుందాం. వేలంలో మిగిలిన ఆటగాళ్ల విలువ 1,500, వారి కోసం పోటీపడే సొమ్ము 1,800. అంటే 50 డాలర్ల ఆటగాడు 60కి పోవడం ఆ ఏడాది సహజమే. పాత ధరల పట్టిక పట్టుకుని కూర్చున్నవారికి మంచి ఆటగాడు ఒక్కడూ దక్కడు, చివరికి చేతిలో డబ్బు మిగిలిపోతుంది.

ఇక వెంబన్యామా సంగతి. తొలి సీజన్లోనే ఆటకు 3.6 బ్లాకులతో (ప్రత్యర్థి షాట్లను అడ్డుకోవడం) లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన అతను, 2024-25లో కుడి భుజంలో రక్తం గడ్డకట్టడం వల్ల ఫిబ్రవరిలోనే సీజన్‌కు దూరమయ్యాడు. 82 ఆటల్లో ఆడినవి 46. పూర్తి సీజన్ ఆడితే 70 డాలర్ల విలువ చేసే ఆటగాడు 46 ఆటలే ఆడితే మీకు దక్కేది దాదాపు 40 డాలర్ల ఆటే. పైగా ఫాంటసీ ప్లేఆఫ్‌లు (విజేతను తేల్చే చివరి పోటీలు) సాగే మార్చిలో అతను లేకపోతే దెబ్బ అంతకన్నా గట్టిగా తగులుతుంది.

కాబట్టి మీ నిబంధనల్లో ఒక్క విషయం చూసుకోండి. సీజన్ అయ్యాక నష్టం లేకుండా వదిలేసుకునే హక్కు ఉంటే, ఎదిగే వయసులో ఉన్న ఆటగాడికి 70 పెట్టడం సబబే. మొదటి ఏడాది బాగా ఆడితే 75కి ఉంచుకుంటారు, లేకుంటే వదిలేస్తారు. మూడేళ్లూ తప్పనిసరిగా మోయాల్సి వస్తే మాత్రం మొత్తం 225 డాలర్ల భారం అవుతుంది; ఆ పరిస్థితిలో నేనైతే 60 దగ్గరే ఆగిపోతాను.

ప్రశ్న: ఫ్రీ త్రోల (ఫౌల్‌కు బదులుగా దక్కే ఉచిత షాట్లు) వల్ల యానిస్ అంటెటోకుంపో నా పట్టికలో బాగా కిందికి వస్తున్నాడు. అది సరైన ధరేనా?

జవాబు: 2024-25లో అతని ఫ్రీ త్రోల శాతం 61.7. ప్రయత్నాలు కూడా ఎక్కువ కావడంతో ఆ ఒక్క విభాగంలో (జట్లను పోల్చే గణాంకాల్లో ఒకటి) మీ జట్టు మొత్తాన్ని కిందికి లాగుతాడు. ఆ విభాగాన్ని ముందే వదులుకున్న జట్టు పట్టికలో ఆ విభాగపు గడిని తీసేసి లెక్క మళ్లీ వేస్తే, అతను అగ్రశ్రేణికి చేరతాడు. ఒకే ఆటగాడికి రెండు జట్లలో రెండు న్యాయమైన ధరలు ఉండగలవు కనుక, మార్పిడి బేరాన్ని ఇరుజట్ల పట్టికలతోనూ సరిచూడాలి. వారం వారం ముఖాముఖి ఆడే లీగ్‌లో 9 విభాగాల్లో 5 గెలిస్తే చాలు కాబట్టి ఒకటి వదులుకోవచ్చు; సీజన్ మొత్తానికి స్థానాలు లెక్కించే లీగ్‌లో ఆ వదులుకోవడం చాలా ఖరీదవుతుంది.