డ్రోన్ నడిపేవాళ్ళకి మెడల్సా? ఇవ్వండి, కానీ ఏ వరుసలో?

"ఎక్కడో కుర్చీలో కూర్చుని డ్రోన్ నడిపేవాళ్ళకు యుద్ధ పతకాలు ఇవ్వడం న్యాయమేనా?" అని అడిగారు. నేను డ్రోన్ నడపలేదు. ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ యూనిట్లో చేసి సార్జెంట్‌గా రిటైరయ్యాను. మాదీ కుర్చీ ఉద్యోగమే కాబట్టి చెబుతున్నా.

కార్గిల్ అప్పుడు నేను పంజాబ్‌లో ఉన్నా. మా బావమరిది ఇన్‌ఫాంట్రీ (కాల్బలం), పోరు జరిగిన ద్రాస్‌లో ఉన్నాడు. తర్వాత వాడికి పోరు జరిగిన చోట ఉన్నవాళ్ళకిచ్చే ఆపరేషన్ విజయ్ స్టార్ వచ్చింది, నాకు మిగతా చోట్ల పనిచేసినవాళ్ళకిచ్చే ఆపరేషన్ విజయ్ మెడల్. పండక్కి కలిసినప్పుడల్లా "బావ ఏసీలో యుద్ధం చేశాడు" అని ఏడిపించేవాడు. (ఆ ఏసీ మా కోసం కాదు, మిషన్లు వేడెక్కకుండా!) నాకెప్పుడూ కోపం రాలేదు. కొండెక్కింది వాడు, నేను కాదు.

అమెరికాలో పేచీ సరిగ్గా ఇక్కడే వచ్చింది. 2013 ఫిబ్రవరిలో రక్షణ మంత్రి లియాన్ పనెట్టా డ్రోన్, సైబర్ వాళ్ళ కోసం డిస్టింగ్విష్డ్ వార్‌ఫేర్ మెడల్ ప్రకటించాడు. దాన్ని యుద్ధరంగంలో సాహసానికో సేవకో ఇచ్చే బ్రాంజ్ స్టార్ కంటే, గాయపడినవాళ్ళకిచ్చే పర్పుల్ హార్ట్ కంటే పైన పెట్టేసరికి మాజీ సైనికులు భగ్గుమన్నారు. తర్వాత వచ్చిన చక్ హేగెల్ ఏప్రిల్‌లోనే రద్దు చేశాడు. 2016లో వేరే దారి పట్టారు: ఉన్న మెడల్స్ మీదే 'ఆర్' అక్షరం, అంటే రిమోట్, దూరం నుంచి చేసిన పని అని గుర్తు.

మన దగ్గర ఈ తేడా ముందునుంచే ఉంది. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్‌తో జరిగిన గగనతల పోరుకి పైలట్ అభినందన్‌కు వీర్ చక్ర ఇచ్చారు. రాడార్ తెర ముందు కూర్చుని పైలట్లకు దారి చూపిన స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్‌కు యుద్ధ సేవా మెడల్ ఇచ్చారు. ఆవిడ పని చిన్నదని కాదు. వీర్ చక్ర శత్రువుకి ఎదురునిలిచిన తెగువకు, అంతే.

అయితే డ్రోన్ వాళ్ళది సుఖమైన ఉద్యోగం అనుకోకండి. మాకు తెర మీద కనిపించేది చుక్క. చుక్కకి మొహం ఉండదు. వాళ్ళకలా కాదు. ఒక మనిషిని రోజుల తరబడి చూస్తారు, పిల్లల్ని ఎత్తుకోవడం కూడా చూస్తారు. క్షిపణి పడ్డాక కళ్ళు తిప్పుకోవడానికి లేదు, ఎవరు పోయారో లెక్క చూడాలి. డ్యూటీ దిగి, అమెరికాలో డ్రోన్లు నడిపే, నెవాడాలోని క్రీచ్ బేస్ నుంచి కారేసుకుని లాస్ వేగాస్‌లో ఇంటికెళ్ళి, పిల్లాడి హోంవర్క్ చూడాలి. దానికి గుర్తింపు ఉండాల్సిందే. తెగువ పేరుతో మాత్రం వద్దు.

ఉక్రెయిన్ సంగతి వేరు. అక్కడ ఎఫ్‌పీవీ డ్రోన్లు (డ్రోన్ కెమెరాలో కనిపించేది కళ్ళజోడులో చూస్తూ నడిపే చిన్న డ్రోన్లు) నడిపేవాళ్ళు ఫ్రంట్‌కి కొద్ది కిలోమీటర్లలోనే నేలమాళిగల్లో ఉంటారు. అవతలివాళ్ళు ముందు వాళ్ళనే వెతికి కొడతారు. మొన్న బావమరిదిని అడిగితే, "వాళ్ళు మాలాంటోళ్ళే బావా, నీలాంటోళ్ళు కాదు" అన్నాడు.