గిటార్ మీద ఎఫ్, బి మైనర్ కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) ఎంతకీ పలకడం లేదు. వేళ్లలో బలం చాలకనా?

కాదండీ. ఓపెన్ కార్డ్స్ (కొన్ని తీగలు నొక్కకుండానే మోగేవి) మధ్య తడుముకోకుండా మారగలుగుతున్నానని మీరే రాశారు. ఎఫ్ దగ్గరికొచ్చేసరికి సగం తీగలు టక్కుటక్కుమంటున్నాయని, బి మైనర్ అసలే పలకదని, పైగా మీ వేళ్లు చిన్నవని, హ్యాండ్ గ్రిప్పర్ కొనమంటారా అని అడిగారు. గ్రిప్పర్ వద్దు. ఆ డబ్బుకి సన్నపాటి తీగల సెట్టు వస్తుంది, అది కొనుక్కోండి.

నాదీ చిన్న చెయ్యే. ఉద్యోగంలో స్థిరపడ్డాక, ముప్పై దాటాక గిటార్ పట్టుకున్నాను. బార్ కార్డ్స్ (ఎఫ్, బి మైనర్‌లా చూపుడువేలిని తీగల మీద అడ్డంగా పరిచి పట్టేవి) వచ్చేనాటికి నా పిడికిట్లో కొత్తగా బలమేమీ చేరలేదు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ నొక్కక్కర్లేదో తెలిసింది, అంతే.

ముందు మీ గిటార్ సంగతి తేల్చుకోండి. దీన్ని చాలామంది ఆఖర్న చూస్తారు, నా లెక్కలో ఇదే మొదటిది. లావు తీగని (ఇది ఆరోది, అన్నిటికంటే సన్నది ఒకటోది) మూడో ఫ్రెట్ (నెక్ అనే పొడవాటి మెడ మీద అడ్డ కడ్డీల మధ్య గడి) దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ కడ్డీకీ తీగకీ మధ్య సందు ఎంతుందో చూడండి. వెంట్రుక వాసి ఉంటే చాలు. విజిటింగ్ కార్డు సులువుగా దూరిపోతుంటే నట్ (నెక్ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) ఎత్తు ఎక్కువున్నట్టే. మిగతా తీగలకీ ఇలాగే చూడండి. నట్‌కి ఆనుకుని ఉన్న ఫ్రెట్‌లోనే తీగ అన్నిటికంటే మొండిగా ఉంటుంది. ఎఫ్ సరిగ్గా అక్కడే పడింది, అదీ దాని దురదృష్టం. ఇంకో పరీక్ష: కేపోని (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్‌కి బిగించి, అదే ఎఫ్ షేప్‌ని ఒక గడి జరిపి పట్టి చూడండి. ఉన్నట్టుండి సులువైపోతే తప్పు మీ చేతిది కాదు, నట్‌ది.

మాది కాకినాడ. వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుంటుంది, గిటార్ పై పలక ఉబ్బి తీగల్ని ఇంకాస్త పైకి లేపుతుంది. నా మొదటి గిటార్‌కి ముందే యాక్షన్ (తీగల ఎత్తు) ఎక్కువ, ఆపైన ఈ తేమ. రిపేరు చేసేవారి దగ్గరికి తీసుకెళ్తే సన్నటి ఆకురాయితో నట్ మీద తీగలు కూర్చునే గాడులు కొంచెం లోతు చేసి, ఒంటి మీద తీగలు కట్టే బ్రిడ్జి దగ్గర, అవి ఆనే సాడిల్‌ని కింద నుంచి అరగదీసి ఇచ్చారు. అదే గిటార్, అదే చెయ్యి, తేడా మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ 3 మి.మీ. ఎత్తులో ఉంటే మీరూ తగ్గించుకోవచ్చు. ఇంట్లో మాత్రం నట్ జోలికి వెళ్లకండి. ఎక్కువ అరిగితే ఓపెన్ తీగ జరజరమంటుంది, మళ్లీ కొత్త నట్ వేయించాలి.

తీగలు 12-53 సెట్టువైతే (ఇవి తీగల మందం చెప్పే అంకెలు, తగ్గేకొద్దీ సన్నం) 11వి గానీ 10-47 సెట్టు గానీ వేసుకోండి. అప్పటిదాకా ఒక కిటుకు ఉంది. ఆరు తీగల్నీ అర స్వరం కిందికి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్‌కి కేపో పెట్టండి. శ్రుతి మళ్లీ మామూలుకే వస్తుంది, బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది, నట్ గొడవ కూడా ఉండదు. నేర్చుకునే రోజుల్లో ఇంతకంటే చవకైన సాయం నాకు తెలీదు.

ఇప్పుడు చేతికి వద్దాం. చూపుడువేలు ఆరు తీగల్నీ సమానంగా నొక్కాలని అందరూ చెప్తారు. ఎఫ్ పట్టుకుని ఒకసారి లెక్క చూసుకోండి. అయిదో తీగని ఉంగరంవేలు, నాలుగో తీగని చిటికెనవేలు, మూడో తీగని మధ్యవేలు ఎలాగూ నొక్కుతున్నాయి. వాటి కింద చూపుడువేలు నొక్కినా నొక్కకపోయినా వినపడేది ఆ వేళ్ల స్వరమే. చూపుడువేలికి మిగిలిన పని ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ. అంటే వేలి కొస, వేలి మొదలు గట్టిగా ఉంటే చాలు, నడిమి భాగం కాస్త వదులుగా ఉన్నా నష్టం లేదు. బి మైనర్‌లో ఇంకా తక్కువ: అయిదో తీగ, ఒకటో తీగ. ఈ లెక్క తెలిశాక వేలిని కర్రలా బిగించడం మానేస్తారు, చెయ్యి నొప్పి సగం అక్కడే పోతుంది.

వేలి లోపలి వైపు మెత్తగా ఉంటుంది, కణుపుల దగ్గర మడతలుంటాయి. తీగ ఆ మడతలో పడిందంటే ఎంత నొక్కినా మూగదే. అందుకే వేలిని బొటనవేలి వైపు కొద్దిగా దొర్లించి, ఎముక తగిలే పక్క అంచుతో నొక్కాలి. రెండో తీగ మాత్రమే పలకడం లేదంటే బలం పెంచకండి, వేలిని రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరపండి. మడత పక్కకి తప్పుకోగానే పలుకుతుంది. వేలు కూడా ఫ్రెట్ కడ్డీకి ఆనుకున్నట్టే ఉండాలి. గడి మధ్యలో పెడితే రెట్టింపు కష్టం.

ఏ తీగ మూగబోతోందో తెలియాలంటే స్ట్రమ్ చేస్తే (తీగలన్నీ ఒక్క ఊపులో మీటితే) లాభం లేదు. ఆరో తీగ నుంచి ఒక్కొక్కటీ మీటుకుంటూ రండి.

బొటనవేలి గురించి కూడా చెప్పాలి. బొటనవేలి మొదట్లో కండ లాగుతోందంటే మీరు పటకారులా నొక్కుతున్నారన్నమాట. బొటనవేలిని నెక్ వెనకాల, ఇంచుమించు మధ్యవేలికి ఎదురుగా ఉంచాలి. ముందు ఒకసారి దాన్ని పూర్తిగా తీసేసి కార్డ్ పట్టి చూడండి. కుడి ముంజేత్తో గిటార్ ఒంటిని పొట్టకేసి ఆనించి, ఎడమ మోచేతి బరువుతో నెక్‌ని మీ వైపుకి లాగండి. కార్డ్ పలుకుతుంది! నొక్కే పని వేళ్లది కాదు, భుజందని ఆ నిమిషంలో తెలుస్తుంది. ఆ తర్వాత బొటనవేలిని తేలిగ్గా ఆనిస్తే సరి. గిటార్‌ని ఎడమ తొడ మీద పెట్టుకుని నెక్‌ని కొంచెం పైకెత్తితే మణికట్టు అంతగా వంగదు. సోఫాలో వెనక్కి వాలి మాత్రం సాధన చేయకండి.

సాధన మొదలుపెట్టాల్సింది కూడా ఎఫ్‌తో కాదు. చాలా పుస్తకాలు సి మేజర్ స్కేల్‌తో మొదలవుతాయి కాబట్టి మొదటి బార్ కార్డ్‌గా ఎఫ్ ఎదురవుతుంది. తేలికని కాదు, ఆ స్కేల్‌లో ఉందని. అదే షేప్‌ని అయిదో ఫ్రెట్‌లో పట్టండి, అది ఎ మేజర్. అక్కడ తీగలు మెత్తగా ఉంటాయి, గడులు కూడా ఇరుకు. అక్కడ శుభ్రంగా పలికాక ఒక్కో గడీ కిందికి దిగండి. ఎఫ్ దగ్గరికి చేరేసరికి చెయ్యికి దారి తెలిసిపోయి ఉంటుంది.

దీనికి ముందు ఒక చిన్న అలవాటు. మామూలు ఓపెన్ ఇ మేజర్‌ని మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలితో పట్టుకోండి, చూపుడువేలిని ఖాళీగా ఉంచండి. ఎ మైనర్ కూడా అలాగే. మీకొచ్చిన పాటలన్నీ కొన్నాళ్లు ఈ వేళ్లతోనే వాయించండి. చిటికెనవేలు మొదట మొరాయిస్తుంది, పట్టించుకోకండి. ఈ ఇ మేజర్‌ని ఒక గడి జరిపి చూపుడువేలు పడుకోబెడితే ఎఫ్, ఎ మైనర్‌ని రెండు గడులు జరిపితే బి మైనర్. కార్డ్ మారేటప్పుడు కూడా ముందు ఆ మూడు వేళ్లు పడి, ఆఖర్న చూపుడువేలు వాలడమే నాకు కుదిరింది. చూపుడువేలు ముందు వేయమనేవాళ్లూ ఉన్నారు, రెండూ చూసుకోండి.

ఒక దఫాకి అయిదు నిమిషాలు చాలు. పట్టు, మీటు, షేప్ చెదరకుండా వేళ్లు సడలించు, మళ్లీ పట్టు. మా అమ్మ వీణ వాయిస్తుంది. నేను ఎఫ్‌తో కుస్తీ పట్టడం చూసి, "ఒక్క తీగ మీద రెండు వేళ్లతో మేం సంగీతమంతా పలికిస్తుంటే నీకెందుకురా ఈ ఆరు తీగల పట్టు" అనేది. ఆవిడ వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటుంది, గమకాలకి వేలు జారాలి కాబట్టి. మనకి జారకూడదు, కాబట్టి ఆ చిట్కా తీసుకోకండి. వేలి పక్కన మంట పుడితే ఫరవాలేదు. తిమ్మిరెక్కినా, మణికట్టులో పోటు పుట్టినా ఆ రోజుకి ఆపేయండి.

ఈలోగా పాటలు ఆపుకోకండి. ఎఫ్ బదులు చిన్న ఎఫ్ చాలు: నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, చూపుడువేలితో మొదటి ఫ్రెట్‌లో ఒకటో తీగ, రెండో తీగ. ఆరో తీగనీ, అయిదో తీగనీ మీటొద్దు. సి, ఎఫ్, జి, ఎ మైనర్ ఉన్న పాటైతే అయిదో ఫ్రెట్‌కి కేపో పెట్టి జి, సి, డి, ఇ మైనర్ వాయించండి, స్వరాలవే. డి, బి మైనర్, జి, ఎ పాటకి కేపో ఏడులో పెట్టి జి, ఇ మైనర్, సి, డి. ఇది మోసమేమీ కాదు. పాడేవాళ్ల గొంతుకి తగ్గట్టు కేపో జరపడం కచేరీల్లోనూ మామూలే. జిమీ హెండ్రిక్స్ అయితే ఆరో తీగని నెక్ పైనుంచి బొటనవేలితో నొక్కేవాడు. మన చిన్న చేతులకి అది కుదరదులెండి.

ఎఫ్ వచ్చాక ఎఫ్ మైనర్ పట్టి మళ్లీ బెంగపడతారేమో, ముందే చెప్తున్నా. అందులో మధ్యవేలు లేచిపోతుంది, మూడో తీగ కూడా చూపుడువేలి మీదే పడుతుంది. అందుకే అది నిజంగానే ఎక్కువ కష్టం. ఖాళీగా ఉన్న ఆ మధ్యవేలిని చూపుడువేలి మీద వేసి నొక్కండి. ఇక ఉంగరంవేలిని అడ్డంగా పడుకోబెట్టే బి మేజర్‌ని అన్నిటికంటే చివరికి ఉంచుకోండి. అప్పటిదాకా ఇ స్కేల్ పాటల్లో ఓపెన్ బి7 వాయిస్తే వినేవాళ్లెవరూ అడ్డు చెప్పరు.